ఐర్లండ్ పల్లెల్లో ఆదివారం ఆటలు: హర్లింగ్ ఒక్కటేనా, ఇంకా ఏమేం చూడొచ్చు?

నీలిగోరింట:
అందరికీ నమస్కారం. మా ఆయన ఉద్యోగం మారడంతో డబ్లిన్ వదిలేసి టిప్పరరీ కౌంటీలో ఒక చిన్న ఊరికి వచ్చాం. డబ్లిన్‌లో ఉన్నన్నాళ్ళూ మనవాళ్ళ క్రికెట్, అపార్ట్‌మెంట్ పార్టీలు తప్ప వేరే ధ్యాస లేదు. ఇక్కడ కరెంటు స్తంభాలకి కూడా నీలం, పసుపు జెండాలు కట్టి ఉన్నాయి. కొట్లో పాలు కొనడానికి వెళ్ళినా ముందు మ్యాచ్ గురించి మాట్లాడి తర్వాత చిల్లర ఇస్తారు. మా బాబుకి స్కూల్లో హర్లీ, అంటే ఈ హర్లింగ్ ఆడే కర్ర, హెల్మెట్ కొనమన్నారు. ఆ కర్రలు ఊపడం చూస్తే నాకు టెన్షన్‌గా ఉంది.

ఈ ఆటలు తెలిసినవాళ్ళు వివరంగా చెప్తారా? పల్లెల్లో జనం గుమిగూడి చూసే ఆటలు ఇంకేమున్నాయి? ఊళ్ళో నలుగురితో కలవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మున్‌స్టర్_మామ:
అమ్మా, మీరు చేరింది ఈ ఆటల పుట్టింటికే. 1884 నవంబర్ 1న టిప్పరరీలోని థర్ల్స్ పట్నంలో, హేస్ హోటల్‌లో, మైకేల్ క్యూసాక్, మారిస్ డేవిన్, ఇంకొందరు కూర్చుని గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ పెట్టారు. అందరూ జీఏఏ అనేది దాన్నే. అప్పుడు ఐర్లండ్ బ్రిటిష్ పాలనలో ఉంది. సొంత ఆటలు కనుమరుగవుతున్నాయన్న బాధలోంచి పుట్టిన సంఘం అది. ఆ హోటల్ ఇప్పటికీ ఉంది, ఒకసారి వెళ్ళి కాఫీ తాగి రండి.

ఇక హర్లింగ్ ఆట. జట్టుకి 15 మంది. చేతిలో యాష్ అనే చెట్టు కర్ర, దాని పేరు హర్లీ. బంతి పేరు స్లిటర్, లోపల కార్క్ బెరడు, పైన తోలు. గోల్ స్తంభాలు ఇంగ్లీషు హెచ్ అక్షరంలా ఉంటాయి. అడ్డకర్ర కిందుగా వల్లోకి కొడితే గోల్, అంటే 3 పాయింట్లు. పైనుంచి స్తంభాల మధ్యగా పోతే 1 పాయింట్. గోల్ పక్కన తెల్ల కోట్లు వేసుకున్న అంపైర్లు నిలబడి గోల్‌కి పచ్చజెండా, పాయింట్‌కి తెల్లజెండా ఊపుతారు. బంతిని చేత్తో పట్టుకుని నాలుగడుగుల కంటే ఎక్కువ పరిగెత్తకూడదు. అందుకే దాన్ని కర్ర చివర నిలబెట్టుకుని పరిగెడతారు. పక్కన ఇంకొకడు భుజంతో గుద్దుతున్నా ఆ బంతి పడదు!

స్కోరు 3-27 అని రాస్తే 3 గోల్స్, 27 పాయింట్లు, మొత్తం 36. ఈ లెక్క ఊరికే చెప్పలేదు. 2025 జులైలో ఆల్ ఐర్లండ్, అంటే కౌంటీ జట్ల జాతీయ పోటీ, ఫైనల్లో టిప్పరరీ 3-27, కార్క్ కౌంటీ 1-18. సగం ఆటకి కార్క్ ఆరు పాయింట్ల ముందుంది. రెండో సగం మొత్తంలో కార్క్‌కి వచ్చినవి రెండే రెండు పాయింట్లు. మీ ఊళ్ళో జెండాలు ఎందుకున్నాయో ఇప్పుడు అర్థమైందా?

బాబు గురించి భయపడకండి. 2010 నుంచి పెద్దలకీ హెల్మెట్ తప్పనిసరి. చిన్నపిల్లలకి మెత్తటి బంతితో నేర్పుతారు. గెలుపోటముల లెక్క లేకుండా అందరినీ ఆడిస్తారు.

పాలమూరు_పోరగాడు:
మామా, ఒక డౌట్. ఫైనల్ క్రోక్ పార్క్‌లో కదా, 82,000 మంది పట్టే స్టేడియం. టికెట్లు దొరకవు, టీవీలో దేశమంతా చూస్తది. మరి ఆ ప్లేయర్లకు ఎంతిస్తారు? ఐపీఎల్ లెక్క వేలం ఉంటదా?

మున్‌స్టర్_మామ:
జీతం లేదు తమ్ముడూ, వేలం లేదు. ప్రయాణ ఖర్చులు, ప్రభుత్వం ఇచ్చే చిన్న గ్రాంటు, పేరున్నవాళ్ళకి ఏదో స్పాన్సర్‌షిప్. అంతే. ఫైనల్లో గోల్ కొట్టినవాడు వారం తిరక్కుండా బళ్ళో పాఠం చెప్తూనో, పొలంలో ఆవుల పాలు పిండుతూనో కనిపిస్తాడు.

ఇంకో సంగతి, ఎక్కువ డబ్బిచ్చే జట్టుకి వెళ్ళిపోదామంటే కుదరదు. నువ్వు పుట్టి పెరిగిన ప్యారిష్, అంటే ఒక చర్చి కింద ఉండే నాలుగైదు పల్లెలు, అదే నీ క్లబ్బు. ఆ క్లబ్బులో బాగా ఆడితే కౌంటీ జట్టు. నాన్న ఆడిన జెర్సీనే కొడుకూ వేసుకుంటాడు. పక్క ప్యారిష్ మీద ఓడిపోతే ఏడాదంతా వాళ్ళ ముఖాలు చూడాలి, ఎందుకంటే వాళ్ళే పెట్రోల్ బంకులోనూ ఉంటారు, పెళ్ళిళ్ళలోనూ ఉంటారు. నేను ఈ దేశం వచ్చాక నన్ను కట్టిపడేసింది ఇదే. చూసేవాడికీ ఆడేవాడికీ మధ్య కంచె లేదు.

కార్క్_కోడలు:
మామ గారూ, ఆ సెకండాఫ్ గురించి మా ఇంట్లో ఎత్తొద్దని మా మామగారి ఆజ్ఞ. 😔 అంతకు ముందు ఏడాది క్లేర్ మీద కూడా ఒక్క పాయింట్ తేడాతో పోయింది. అదనపు సమయం కూడా అయ్యాక క్లేర్ 3-29, మాది 1-34. కార్క్ కప్పు గెలిచి 2005 నుంచి ఎదురుచూపే. ఆ 2005 కెప్టెన్ షాన్ ఓగ్ ఓ హాల్పిన్ గురించి మనవాళ్ళకి చెప్పాలి. వాళ్ళమ్మ ఫిజీ దేశపు రొటూమా దీవి మనిషి. చిన్నప్పుడు ఆస్ట్రేలియాలో పెరిగి కార్క్ వచ్చాడు. కప్పు అందుకున్నాక ప్రసంగమంతా ఐరిష్ భాషలోనే చేశాడు. మన పిల్లలు ఇక్కడ ఇమడగలరా అని అడిగేవాళ్ళకి నేను చెప్పే మొదటి పేరు ఇదే.

నీలిగోరింట గారూ, మీరు పల్లె ఆటలు అడిగారు కాబట్టి మా వైపు రోడ్ బౌలింగ్ చూసి తీరాలి. క్రికెట్ బౌలింగ్‌తో ఏ సంబంధమూ లేదు. 28 ఔన్సుల ఇనప గుండు, అంటే సుమారు 800 గ్రాములు, గుప్పిట్లో ఇమిడేంత ఉంటుంది. దాన్ని మామూలు పల్లె రోడ్డు మీద విసరాలి. గుండు ఆగిన చోటి నుంచి మళ్ళీ విసరాలి. రెండున్నర మైళ్ళ దూరాన్ని తక్కువ విసుర్లలో ఎవరు దాటితే వాళ్ళు గెలిచినట్టు. ఆడేది ఎక్కువగా కార్క్‌లో, ఉత్తరాన ఆర్మా కౌంటీలో. ఆర్మా వాళ్ళు దీన్ని బుల్లెట్స్ అంటారు.

చూసేవాళ్ళకి సీట్లుండవు. ఆటతోపాటు నడవాల్సిందే. విసిరేవాడు దూరంగా చిన్నగా కనిపిస్తుంటాడు, రోడ్డు నడిమధ్య ఒక మనిషి కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి "ఇక్కడికి" అని చూపిస్తాడు. గుండు మొదట ఎక్కడ తగలాలో అక్కడ రోడ్డు మీద గుప్పెడు గడ్డి పీకి పెడతారు, దాని పేరు సాప్. విసిరేవాడు పరిగెత్తుకొచ్చి చెయ్యి గిర్రున తిప్పి వదలగానే జనం రెండుగా చీలిపోతారు. గుండు తారు మీద గరగరమంటూ మన కాళ్ళ పక్కనుంచే పోతుంది. మలుపు వస్తే రోడ్డు వెంట పోనివ్వరు, పొలం మీదుగా గాల్లో దాటించి అవతలి రోడ్డు మీద దింపుతారు. మొదటిసారి చూసినప్పుడు మా పెద్దాడు చప్పట్లు కొట్టడం కూడా మర్చిపోయాడు.

కార్క్ నుంచి బాండన్ వెళ్ళే దారిలో చెట్‌విండ్ వయాడక్ట్ అని పాత రైలు వంతెన ఉంది. 1955లో మిక్ బారీ అనే మహానుభావుడు 16 ఔన్సుల గుండుని దాని మీదుగా అవతలికి విసిరాడు. 1985లో జర్మనీ నుంచి వచ్చిన హాన్స్ బోలెన్ 28 ఔన్సులదే దాటించాడు. ఆ రోడ్డున వెళ్ళే ప్రతిసారీ మా మామగారు కారు నెమ్మది చేసి ఈ కథ చెప్తారు.

పాలమూరు_పోరగాడు:
అక్కా, పందేలు కాస్తరంట కదా రోడ్డు మీదనే?

కార్క్_కోడలు:
కాస్తారు తమ్ముడూ, దాచడానికేముంది. ఇద్దరు బౌలర్ల వెనక రెండు పక్షాల వాళ్ళు డబ్బు పోగుచేసి పెడతారు. దారి పొడవునా ప్రతి విసురుకీ పక్క పందేలు నడుస్తాయి. అది వద్దనుకుంటే కట్టక్కర్లేదు, నడిచి చూడ్డానికి టికెట్ అవసరం లేదు.

రేసుగుర్రం_హైదరాబాద్:
గుర్రాలు లేకుండా ఐర్లండ్ పల్లెల గురించి మాట్లాడుకోవడమేంటండీ! నేను మలక్‌పేట రేస్‌కోర్స్ పక్క వీధిలో పెరిగినవాణ్ణి, ఇప్పుడు కిల్డేర్‌లో ఉంటున్నా. అడ్డంకులు దూకే గుర్రప్పందెం, స్టీపుల్‌చేజ్ అంటారే, దాని పేరే కార్క్ కౌంటీలో పుట్టిందని చెప్తారు. 1752లో ఇద్దరు ఆసాములు బటవంట్ చర్చి నుంచి డోనరేల్ చర్చి దాకా, శిఖరమే (ఇంగ్లీషులో స్టీపుల్) గుర్తుగా పెట్టుకుని, గోడలూ కాలవలూ దూకిస్తూ నాలుగైదు మైళ్ళు పందెం పెట్టుకున్నారు.

పల్లె వాతావరణం కావాలంటే పాయింట్-టు-పాయింట్ రేసులకి వెళ్ళండి. రైతుల పొలంలోనే ట్రాక్. రౌతులందరూ అమెచ్యూర్లు. జనం కారు డిక్కీ తెరిచి శాండ్‌విచ్‌లు, ఫ్లాస్కులో టీ పెట్టుకుని, బురదలో బూట్లతో నిలబడి చూస్తారు. గుర్రం కంచె దూకేటప్పుడు డెక్కలకి కొమ్మలు తగిలిన చప్పుడు వినిపించేంత దగ్గరగా నిలబడొచ్చు. ఇంగ్లండ్‌లో చెల్టెన్‌హామ్‌లో పరిగెత్తే గుర్రాల్లో చాలావాటికి మొదటి పరుగు ఇలాంటి పొలంలోనే.

ఇంకోటి లేటౌన్. మీద్ కౌంటీలో సముద్రపు ఒడ్డు. 1868 నుంచీ ఏడాదికి ఒక్కరోజు ఇసక మీద రేసులు. పోటు తగ్గి నీళ్ళు వెనక్కి పోయాకే ట్రాక్ గుర్తులు పాతుతారు, మళ్ళీ నీళ్ళు వచ్చేలోపు అన్ని రేసులూ అయిపోవాలి. గాల్వే రేసులు జులై నెలాఖరున ఏడు రోజులు జరుగుతాయి కానీ అక్కడ ఇప్పుడు టోపీల ఫ్యాషనే ఎక్కువ, నాకంత ఇష్టం లేదు.

కుందేళ్ళ కోర్సింగ్ కూడా చూడాలి. ఫిబ్రవరిలో మీ టిప్పరరీలోనే, క్లాన్‌మెల్‌లో జాతీయ పోటీలు.

పశువుల_డాక్టరమ్మ:
రేసుగుర్రం గారూ, మిగతా అంతటికీ సరే, చివరి లైనుకి నేను ఒప్పుకోను. అడవి కుందేళ్ళని వలల్లో పట్టి తెచ్చి, మైదానంలో వదిలి, వెనక రెండు గ్రేహౌండ్లని ఉసిగొల్పడం ఆట ఎలా అవుతుంది? 1993 నుంచి కుక్కలకి మూతి బుట్టలు కడుతున్నారు, నిజమే. దానివల్ల కొరకడం ఆగింది. గుద్దుకోవడం ఆగలేదు, భయం ఆగలేదు. కుందేలు భయంతోనే చచ్చిపోగల జంతువు. ఉత్తర ఐర్లండ్‌లో దీన్ని నిషేధించారు, ఇంగ్లండ్‌లో నిషేధించారు. ఇక్కడ మాత్రం లైసెన్సు ఇస్తూనే ఉన్నారు.

రేసుగుర్రం_హైదరాబాద్:
డాక్టరమ్మ గారూ, మీ మాట కొట్టిపారెయ్యను. కానీ కోర్సింగ్ క్లబ్బుల వాళ్ళు చెప్పేది కూడా వినాలి. కుందేళ్ళు తిరిగే పొలాలకి కాపలా కాసేది, దొంగ వేటగాళ్ళని ఆపేది తామేనని వాళ్ళంటారు. తాతల నాటి నుంచి కుక్కల్ని పెంచే కుటుంబాలున్నాయి. బయటి నుంచి వచ్చిన మనం ఒక్క మాటలో తీసేస్తే వాళ్ళకి కోపం రావడంలో తప్పులేదు.

పశువుల_డాక్టరమ్మ:
పొలాలకి కాపలా కాయండి, చేతులెత్తి దండం పెడతాను. దానికి కుందేల్ని పరిగెత్తించక్కర్లేదు కదా. ఇది బయటివాళ్ళ మాట కూడా కాదు, ఐర్లండ్ పల్లెల్లో పుట్టిన నా క్లాస్‌మేట్లే దీనికి వ్యతిరేకంగా గేటు దగ్గర నిలబడతారు. తాతల నాటిదన్న ఒక్క కారణంతో అన్నీ మంచివైపోవు. సంక్రాంతి కోడిపందేల మీద మనం ఏటా చేసుకునే వాదన కూడా ఇదే.

మోడరేటర్:
ఇద్దరూ మర్యాదగా వాదించారు, సంతోషం. కోర్సింగ్ మీద వేరే చర్చ తెరుస్తున్నాను, మిగతాది అక్కడ రాయండి. ఇక్కడ నీలిగోరింట గారి ప్రశ్న కొనసాగిద్దాం.

మేయో_సిస్టర్:
పడమటి వైపు మాట కూడా వినండి. మేయో కౌంటీలో వృద్ధుల హోమ్‌లో నర్సుని. ఇక్కడ హర్లింగ్ తక్కువ, గేలిక్ ఫుట్‌బాల్ ప్రాణం. గుండ్రటి బంతి, చేత్తో పట్టొచ్చు, కాలితో కొట్టొచ్చు, అవే హెచ్ స్తంభాలు. 2025 నుంచి రూల్స్ బాగా మార్చారు. 40 మీటర్ల గీత అవతలి నుంచి కొట్టి దాటిస్తే రెండు పాయింట్లు, దానికి నారింజ జెండా. అంతకు ముందు బంతిని వెనక్కీ పక్కకీ ఇచ్చుకుంటూ నిద్రపుచ్చేవాళ్ళు. ఇప్పుడు మా హోమ్‌లో తాతలు కుర్చీల్లోంచి లేస్తున్నారు.

మేయో ఆఖరిసారి ఆల్ ఐర్లండ్ గెలిచింది 1951లో. ఆ కప్పు తీసుకుని ఊరేగింపుగా వస్తూ ఫాక్స్‌ఫర్డ్ ఊళ్ళో ఒక శవయాత్ర ఎదురైతే ఆగి మర్యాద ఇవ్వలేదని, ఆ జట్టులో ఒక్కరు బతికున్నా మళ్ళీ కప్పు రాదని ఫాదర్ శపించాడని కథ. 1989 నుంచి ఇప్పటిదాకా ఫైనల్ దాకా వెళ్ళి 11 సార్లు ఓడారు. ఆ జట్టులో చివరి ఆటగాడు కూడా కాలం చేశాడు, కప్పు మాత్రం రాలేదు. నేను శాపాన్ని నమ్మను. కానీ మా వార్డులో ఒక పెద్దావిడ ప్రతి మ్యాచ్ ముందు రోజరీ మాల చేతికి చుట్టుకుని కూర్చుంటుంది. మంచం పక్క పచ్చ-ఎరుపు స్కార్ఫ్. మందులివ్వడానికి వెళ్తే హాఫ్‌టైమ్ దాకా ఆగమంటుంది. ఆగుతాను.

నా బాధ ఒకటుంది. ఇప్పుడు కొన్ని మ్యాచ్‌లు డబ్బు కట్టి ఇంటర్నెట్‌లో చూడాలి. 2025లో జీఏఏ ప్లస్ అని పేరు మార్చారు. జీవితమంతా ఆ క్లబ్బు గ్రౌండులో గడ్డి కోసినవాళ్ళు, జెర్సీలు ఉతికినవాళ్ళు, ఎనభై దాటాక యాప్, పాస్‌వర్డ్ అంటే ఎక్కడికి పోతారు? వాళ్ళకి దిక్కు రేడియోనే. రేడియోకి ఇక్కడ పెద్ద చరిత్రే ఉంది లెండి. 1926 ఆగస్టులో గాల్వే-కిల్‌కెన్నీ హర్లింగ్ సెమీఫైనల్‌ని మైదానం నుంచే నేరుగా వినిపించారు, యూరప్‌లో అలాంటి ప్రసారం అదే మొదటిదని అంటారు.

ఇంకా పెద్ద బాధ ఊళ్ళు ఖాళీ అవడం. కుర్రాళ్ళు సిడ్నీకి, టొరంటోకి పోతున్నారు, లేదంటే డబ్లిన్‌లో ఉద్యోగాలు. 15 మంది దొరక్క రెండు ప్యారిష్‌లు కలిసి ఒక జట్టుగా ఆడుతున్నాయి. నూరేళ్ళు పోట్లాడుకున్న రెండు ఊళ్ళు ఒకే జెర్సీ వేసుకోవడం ఎంత కష్టమో ఆ మీటింగుల్లో కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది. మనలాంటి కుటుంబాల పిల్లలు వచ్చి చేరితే వాళ్ళు ఎందుకంత సంబరపడతారో నాకు అప్పుడు అర్థమైంది. మొహమాటపడి ఇంట్లో ఉండిపోవద్దండీ, దయచేసి పిల్లల్ని పంపండి.

గోదారి_గట్టు:
సిస్టర్ గారి పోస్టు చదివి కళ్ళు చెమ్మగిల్లాయి. మాది ప్రకాశం జిల్లా వైపు సంబంధం కూడా ఉన్న కుటుంబం. ఒంగోలు ఎడ్ల బండలాగుడు పోటీకి ఊరంతా వెళ్ళి ఫలానావారి జత అని గొంతు చించుకుని అరిచినట్టే ఉంది ఇది. అక్కడా ఎద్దుల్ని పెంచేది మన పక్కింటాయనే.

వడ్రంగి_మనవడు:
అందరూ ఆట గురించి రాశారు, కర్ర గురించి నేను రాస్తాను. లిమరిక్ దగ్గర ఫర్నిచర్ షాపులో పనిచేస్తాను. మా ఓనర్ వాళ్ళన్న హర్లీలు చేస్తాడు, శనివారాలు వెళ్ళి చూస్తుంటాను.

యాష్ చెట్టు ఎక్కడపడితే అక్కడ కొయ్యరు. పాతికేళ్ళు దాటిన చెట్టులో నేల దగ్గరి నాలుగడుగుల మొదలే పనికొస్తుంది. అక్కడ కాండం వేరుగా మారుతూ వంపు తిరుగుతుంది కదా, చెక్కలోని ఈనె, అంటే లోపలి గీతలు, కూడా ఆ వంపుతోనే తిరుగుతుంది. హర్లీ చివర వెడల్పాటి భాగాన్ని బాస్ అంటారు. ఈనె ఆ బాస్ చుట్టూ తిరిగి వస్తేనే కర్ర దెబ్బకి తట్టుకుంటుంది. ఈనె నిలువుగా ఉంటే మొదటి ఢీకే చీలుతుంది. ఆయన పలక తీసుకుని వెలుతురు వైపు తిప్పి చూసి, గోటితో గీతల వెంట నడిపి, బాగుంటే పక్కన పెడతాడు, లేకుంటే పొయ్యిలోకే. తర్వాత పిడి సన్నగా చెక్కి, బాస్ అంచుకి ఇనప పట్టీ కొడతాడు. కుర్రాళ్ళు వచ్చి ఊపి చూసి "ఇంకొంచెం తియ్యి" అంటారు. ఒక్క పొర తీసి ఇస్తాడు. మళ్ళీ ఊపుతారు.

2012లో ఇక్కడ యాష్ డైబ్యాక్ తెగులు బయటపడింది. శిలీంధ్రం, కొమ్మల చివర్ల నుంచి ఎండుకుంటూ వస్తుంది. ఇప్పుడు ఏ పల్లె దారిలో వెళ్ళినా మోడుగా నిలబడ్డ యాష్ చెట్లు కనిపిస్తాయి. అంతకు ముందే కలప చాలామటుకు బయటి దేశాల నుంచి వచ్చేది, ఇప్పుడు మరీ కష్టం. వెదురుతో చేసినవి, ప్లాస్టిక్ లాంటివి వచ్చాయి. బంతి దూరం బానే పోతుందంటున్నారు. కానీ చెయ్యి తిరిగిన పనివాడు ఈనె చూసి చెట్టుని ఎంచుకునే విద్య ఉందే, చెట్టుతో పాటు అదీ పోతుందేమోనని నా దిగులు. తెగులు తట్టుకునే యాష్ మొక్కల్ని పెంచే ప్రయత్నాలు జరుగుతున్నాయి. అవి ఫలించాలని గట్టిగా కోరుకుంటున్నాను.

నీలిగోరింట గారికి: బాబుకి హర్లీ కొనేటప్పుడు నిటారుగా నిలబెట్టండి. కర్ర నేల నుంచి మణికట్టు దాటకూడదు. పొడుగుదైతే పెద్దయ్యాక పనికొస్తుందని కొనొద్దు, చేతులు తప్పుగా అలవాటు పడతాయి. ముఖ్యంగా క్రికెట్ ఆడిన పిల్లలకి ఒక చిక్కు: కుడిచేతివాటం బ్యాట్స్‌మన్‌కి ఎడమ చెయ్యి పైన ఉంటుంది, హర్లింగ్‌లో కుడి చెయ్యి పైన ఉండాలి. మొదట్లోనే సరిచెయ్యండి.

నీలిగోరింట:
ఇంత ఓపికగా రాసిన అందరికీ చేతులెత్తి దండం. చేతి పట్టు సంగతి నాకు అస్సలు తట్టేది కాదు, మా వాడు సరిగ్గా క్రికెట్ పట్టే పడుతున్నాడు! మా పాప కూడా నేనూ వెళ్తానంటోంది. ఆడపిల్లలకి ఉందా?

పశువుల_డాక్టరమ్మ:
ఎందుకు లేదు! ఆడవాళ్ళు ఆడే హర్లింగ్ పేరు కమోగీ. 1904 నుంచి ఉంది. 2018లో యునెస్కో తన వారసత్వ జాబితాలో హర్లింగ్‌తో పాటు కమోగీనీ చేర్చింది. నేను కాలేజీలో రెండేళ్ళు ఆడాను. ఒక్క చిరాకు ఉండేది, స్కర్టు లాంటి స్కార్ట్ వేసుకోవాలన్న రూల్. షార్ట్స్ వేసుకుని వస్తే రిఫరీ ఆపేసేవాడు. 2025 మే నెలలో డబ్లిన్, కిల్‌కెన్నీ జట్లు రెండూ షార్ట్స్‌తోనే మైదానంలోకి వచ్చాయి. మార్చుకుంటేనే ఆట అన్నారు, మార్చుకుని ఆడారు. కానీ ఆ నెలలోనే ప్రత్యేక సమావేశం పెట్టి ఎవరికి ఏది ఇష్టమైతే అది వేసుకోవచ్చని తీర్మానించారు. మీ పాప సరైన సమయంలో మొదలుపెడుతోంది. ఫుట్‌బాల్ ఇష్టమైతే లేడీస్ గేలిక్ ఫుట్‌బాల్ కూడా ఉంది. 2019లో వాళ్ళ ఫైనల్స్‌కి క్రోక్ పార్క్‌లో 56,000 మందికి పైగా వచ్చారు.

మున్‌స్టర్_మామ:
క్రోక్ పార్క్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట చెప్పకుండా ఉండలేను. 1920 నవంబర్ 21న అక్కడ డబ్లిన్-టిప్పరరీ ఫుట్‌బాల్ మ్యాచ్ జరుగుతుండగా బ్రిటిష్ బలగాలు లోపలికొచ్చి జనం మీద కాల్పులు జరిపాయి. 14 మంది చనిపోయారు. వాళ్ళలో టిప్పరరీ ఆటగాడు మైకేల్ హోగన్ ఒకడు. ఇవాళ కప్పు అందించే స్టాండ్ పేరు హోగన్ స్టాండ్. జలియన్‌వాలాబాగ్ జరిగింది అంతకు ముందు ఏడాదే. మీ టిప్పరరీ ఇరుగుపొరుగు ఈ పేరు పలికేటప్పుడు గొంతు మారుతుంది, గమనించండి.

రేసుగుర్రం_హైదరాబాద్:
ఫైనల్స్ జులైలో పెట్టడం నాకు నచ్చదు మామా. ముందు సెప్టెంబర్‌లో ఉండేవి, మొదటి ఆదివారం హర్లింగ్, మూడో ఆదివారం ఫుట్‌బాల్. కోతలు అయిపోయేవి, బడులు తెరిచేవి, ఊరంతా ఆ రోజు కోసమే చూసేది. ఇప్పుడు ఆగస్టు వచ్చేసరికి పేపర్లో కౌంటీ ఆటలే ఉండవు.

మున్‌స్టర్_మామ:
నీ బాధ నాకూ ఉంది. కానీ 2022లో ఈ మార్పు జరగకముందు క్లబ్బు ఆటగాడి గతి ఏమిటి? కౌంటీ జట్టు ఓడేదాకా క్లబ్బు మ్యాచ్ ఎప్పుడో తెలీదు, పెళ్ళి ముహూర్తం పెట్టుకోవడానికి కూడా భయపడేవాళ్ళు. ఇప్పుడు జులై తర్వాత అంతా క్లబ్బులదే. పల్లె బతకాలంటే క్లబ్బు బతకాలి, నేను కొత్త పద్ధతికే ఓటు వేస్తాను.

కార్క్_కోడలు:
సెప్టెంబర్ అంటే గుర్తొచ్చింది, దుక్కి పోటీలు! నేషనల్ ప్లౌయింగ్ ఛాంపియన్‌షిప్స్. 1931లో వెక్స్‌ఫర్డ్, కిల్డేర్ రైతులు ఎవరు బాగా దున్నుతారో తేల్చుకుందామని ఆథీ ఊళ్ళో మొదలుపెట్టారు. ఇప్పుడు మూడు రోజుల్లో రెండు లక్షల మందికి పైగా వస్తారు. ట్రాక్టర్లు, గుర్రపు నాగళ్ళు, చాలు ఎంత నిటారుగా వచ్చిందో వంగి చూసే జడ్జీలు. రబ్బరు బూట్లు మర్చిపోవద్దు.

గోదారి_గట్టు:
ఊరి చివర పెద్ద కాంక్రీటు గోడలు మూడు వైపులా నిలబడి, మధ్యలో గడ్డి మొలిచి ఉంటాయి చూశారా? అవి హ్యాండ్‌బాల్ ఆలీలు. అరచేత్తో బంతిని గోడకి కొట్టే ఆట. ఆదివారం పూజ అయ్యాక ఊరి మగవాళ్ళంతా అక్కడే చేరేవాళ్ళట. కొన్ని ఊళ్ళలో మళ్ళీ రంగులు వేసి ఆడుతున్నారు.

పోక్ ఫాడా అని ఇంకోటుంది. లౌత్ కౌంటీ కూలీ కొండల మీద హర్లీతో బంతి కొట్టుకుంటూ సుమారు 5 కిలోమీటర్లు పోవాలి, తక్కువ దెబ్బల్లో పూర్తిచేసినవాడు గెలుస్తాడు. 1960లో మొదలైంది. పురాణాల్లో సెటాంటా అనే పిల్లవాడు బంతిని కొట్టుకుంటూ, ముందుకు పరిగెత్తి తానే పట్టుకుంటూ ఆ కొండలు దాటి ఆర్మా వెళ్ళాడట. అదే బంతితో కులాన్ అనే కమ్మరి వేటకుక్కని చంపి, దానికి బదులు తానే కాపలా ఉంటానని మాటిచ్చి కూ కులాన్, అంటే కులాన్ వేటకుక్క, అయ్యాడు.

నీలిగోరింట:
ఆఖరి ప్రశ్న. వచ్చే ఆదివారం మా ప్యారిష్‌కి పక్క ప్యారిష్‌తో క్లబ్బు మ్యాచ్ అట. పక్కింటావిడ రమ్మంది. ఏం తీసుకెళ్ళాలి, ఎలా ఉండాలి?

మున్‌స్టర్_మామ:
తప్పకుండా వెళ్ళండి. కౌంటీ ఫైనల్ కంటే మీకు ఇదే ముఖ్యం. గేటు దగ్గర టికెట్ అడగండి, కొన్నిచోట్ల ముందే ఆన్‌లైన్‌లో కొనాలి, పక్కింటావిడకి తెలుస్తుంది. ప్రోగ్రామ్ పుస్తకం అమ్మితే కొనండి, ఏ నంబరు ఎవరి అబ్బాయో తెలుస్తుంది. రాఫిల్ (లాటరీ) టికెట్లు అమ్ముతూ ఎవరో ఒకరు వస్తారు, ఒకటి తీసుకోండి, ఆ డబ్బుతోనే మీ బాబు ఆడబోయే గ్రౌండుకి లైట్లు పెడతారు. ఎండ ఉన్నా రెయిన్‌కోటు ఉండాలి. ఫ్లాస్కులో మన అల్లం టీ పట్టుకెళ్ళండి, పక్కవాళ్ళకి ఒక కప్పు పోస్తే మాటలు అవే కలుస్తాయి. రెండు జట్ల మధ్య నిలబడి ఎవరు గెలిచినా ఫర్వాలేదని మాత్రం అనకండి. మీరిప్పుడు ఆ ప్యారిష్ మనిషి.

మేయో_సిస్టర్:
బాబు హర్లీ కూడా పట్టుకెళ్ళండి. హాఫ్‌టైమ్‌లో చాలాచోట్ల పిల్లలందరూ మైదానంలోకి పరిగెత్తి గోల్ ముందు బంతి కొట్టుకుంటారు. క్లబ్బు సెక్రెటరీ అక్కడే ఎక్కడో తిరుగుతూ ఉంటారు, పిల్లల ట్రైనింగ్ ఏ రోజో, రిజిస్ట్రేషన్ ఎలాగో అడిగేయండి. పాప పేరు కూడా అప్పుడే ఇచ్చెయ్యండి.